మారిషస్ వెళ్తున్నారా? ఏజెంటు ప్లానులో లేనివే ముందు చూడండి

ప్రశ్న: మేము కాకినాడలో ఉంటాం. దసరా సెలవుల్లో నేను, మావారు, తొమ్మిదేళ్ళ మా బాబు, అత్తగారు, మామగారు కలిసి మారిషస్ వెళ్తున్నాం. ఉత్తరాన గ్రాండ్ బే దగ్గర ఆరు రాత్రులకి హోటల్ బుక్ చేశాం. ఏజెంటు ఇచ్చిన ప్లానులో పారాసెయిలింగ్, సముద్రం అడుగున నడక, డాల్ఫిన్లు, బోటు షికార్లు తప్ప ఇంకేం లేవు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పైగా శుద్ధ శాకాహారం. మామగారేమో అక్కడ మన తెలుగువాళ్ళున్నారట కదా, వాళ్ళని చూడకుండా ఎలా వస్తాం అంటున్నారు. అయిదుగురికీ నచ్చేలా తప్పకుండా చూడాల్సినవి చెప్తారా? తిండి సంగతి కూడా టెన్షన్‌గానే ఉంది.

జవాబు: మీ మామగారి మాట వినండి. ఈ ఇంట్లో సరిగ్గా అడిగింది ఆయనే.

మారిషస్ సముద్రం బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ నీలం నీళ్ళు, తెల్ల ఇసుక కావాలంటే అండమాన్‌కి వెళ్ళినా దొరుకుతాయి. పైనుంచి కిందికి 65 కిలోమీటర్లు కూడా దాటని ఆ దీవిలో పన్నెండున్నర లక్షల మంది ఉన్నారు, వాళ్ళ పూర్వీకులెవరూ అక్కడి వాళ్ళు కాదు, ఎందుకంటే ఆ దీవికి సొంత జనమంటూ ఎప్పుడూ లేరు. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు, బీహారు వైపు నుంచి, మన గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి, తమిళనాడు నుంచి, మహారాష్ట్ర నుంచి కూలికి వచ్చినవాళ్ళు, గుజరాత్ నుంచి, చైనా నుంచి వచ్చిన వ్యాపారులు, ఫ్రెంచి తోటల యజమానులు, వీళ్ళందరి వారసులూ ఇప్పుడు ఒకే వీధిలో కాపురం ఉంటూ ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ అనే ఒకే భాష మాట్లాడుకుంటారు. ఉగాది అక్కడ దేశమంతటికీ ప్రభుత్వ సెలవు. మహాశివరాత్రి, రంజాన్, వినాయక చవితి, చైనా కొత్త సంవత్సరం కూడా సెలవులే. ఇది అండమాన్‌లో దొరకదు. అందుకే ఆరు రాత్రుల ట్రిప్పులో సముద్రానికి రెండు రోజులు చాలు, మిగతావి దీవిలో తిరగండి అంటాను.

ముందు ఏజెంటు ప్లానులోంచి తీసేయాల్సినవి చెప్తాను. డాల్ఫిన్ల ట్రిప్పు మానేయండి. పడమటి తీరంలో తమరిన్ వైపు పొద్దున్నే బోట్లన్నీ ఒక్కసారే బయల్దేరి వాటిని తరుముతాయి. రాత్రంతా వేటాడి పగలు ఆ నిదానమైన నీళ్ళలో సేద తీరడానికి వచ్చే జీవాలవి, మనం వెళ్ళి చేసేది వాటి నిద్ర చెడగొట్టడమే. నెత్తిన పెద్ద హెల్మెట్ పెట్టుకుని సముద్రం అడుగున నడిచేది కూడా అత్తగారు, మామగారు ఉన్న ట్రిప్పుకి అక్కర్లేదు. దాని బదులు దక్షిణాన బ్లూ బే ఉంది, ప్రభుత్వం మెరైన్ పార్కుగా కాపాడుతున్న చోటు. అక్కడ అడుగున అద్దం ఉన్న బోట్లో కూర్చుంటే పగడపు దిబ్బలు, రంగురంగుల చేపలు కాళ్ళ కిందే కనిపిస్తాయి, మోకాళ్ళ నొప్పులున్నా ఫర్వాలేదు. పారాసెయిలింగ్ మీవారికి ఇష్టమంటే ఒక్కపూట చేసుకోనివ్వండి, అభ్యంతరం లేదు.

ఇక అసలు సంగతి. రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌తో మొదలుపెట్టండి, వీలైతే వెళ్ళిన మర్నాడే. బ్రిటిష్‌వాళ్ళు బానిసత్వం రద్దు చేశాక చెరకు తోటలకి మనుషులు కావాల్సి వచ్చి, అయిదేళ్ళ ఒప్పందాల మీద మన దేశం నుంచి కూలీల్ని తీసుకెళ్ళారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది దిగారు, అక్కణ్ణించి 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది వెళ్ళారు. వాళ్ళని దింపి, పేర్లు రాసుకుని, నంబరు ఇచ్చి, ఒకటి రెండు రోజులు ఉంచి తోటలకి పంచిన డిపోయే ఈ ఘాట్. ఓడ దిగినవాళ్ళు ఎక్కి వచ్చిన పదహారు రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక్కమాట, ఇది తాజ్ మహల్‌లా కళ్ళు చెదిరే కట్టడం కాదు. నాలుగు రాతి గోడలు, మెట్లు, ఆస్పత్రి గదుల మిగులు, అంతే. ఏం తెలియకుండా వెళ్తే పది నిమిషాల్లో అయిపోయి, దీనికోసమా వచ్చాం అనిపిస్తుంది. కాబట్టి పక్కనే ఉన్న సమాచార కేంద్రంలోకి ముందు వెళ్ళండి, ఓడల్లో ఎలా ఉండేదో, ఒప్పందంలో ఏం రాసేవారో, తోటలో జీతం ఎలా కోసేవారో అన్నీ అక్కడ చూసి, తర్వాత మెట్ల దగ్గరికి రండి. మీ బాబుకి తొమ్మిదేళ్ళంటే ఇవన్నీ అర్థమయ్యే వయసే. టికెట్ లేదు. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, మూసి ఉంటుంది.

మీరు కాకినాడ వాళ్ళు కాబట్టి ఇంకో సంగతి. తాళ్ళరేవు దగ్గర మడ అడవులు చూడ్డానికి మనం వెళ్ళే కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుఫానులో బాగా దెబ్బతింది. ఆ రేవు నుంచి, విశాఖ నుంచి, మద్రాసు నుంచి మన జిల్లాల వాళ్ళు మారిషస్ ఓడలెక్కారు. అక్కడ తెలుగువాళ్ళని చాలాకాలం కోరంగీలు అనే పిలిచారు. మామగారిని వెళ్ళేముందు ఒకసారి కోరంగి తీసుకెళ్ళి ఆ ఏటి ఒడ్డు చూపించండి, మీకు గంట దూరం కూడా ఉండదు. ఇక్కడ బయల్దేరిన చోటు చూసి అక్కడ దిగిన చోటు చూడటం ఎవరికి పడితే వాళ్ళకి కుదిరేది కాదు.

తెలుగువాళ్ళని ఎలా కలవాలి అంటే, గుడికి వెళ్ళండి. మారిషస్ ఆంధ్ర మహాసభకి ఊళ్ళలో శాఖలున్నాయి, గుళ్ళున్నాయి. హోటల్లో పనిచేసేవాళ్ళని, టాక్సీ డ్రైవర్‌ని 'తెలుగు టెంపుల్' అని అడిగితే దగ్గర్లో ఉన్నది చెప్తారు, చాలాసార్లు వాళ్ళ స్నేహితుడో బంధువో తెలుగువాడే అయి ఉంటాడు. అక్కడ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రాత్రి పొద్దుపోయేదాకా రామభజన చేస్తారు. ఓడలో వెళ్ళిన కూలీలు సామానుగా ఏం పట్టుకెళ్ళారో గానీ అప్పన్నని మాత్రం మర్చిపోకుండా తీసుకెళ్ళారు, అయిదారు తరాలు దాటినా వదల్లేదు, అది చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దేశంలోనే.

అయితే మామగారికి ముందే చెప్పి తీసుకెళ్ళండి: ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడేది క్రియోలే. తెలుగు బళ్ళో నేర్చుకుంటారు, పాటల్లో పాడతారు, పూజల్లో చదువుతారు, గబగబా మాట్లాడలేరు. 'తెలుగువాళ్ళయి ఉండి తెలుగు రాదా' అని ఒక్కసారి నోరు జారితే వాళ్ళకి ఎంత నొప్పి కలుగుతుందో ఆలోచించండి. చెరకు తోటల్లో కొరడాల కింద బతికి, చుట్టూ వేరే భాషల మధ్య ఉండి, ఇన్నాళ్ళు ఇంత నిలబెట్టుకున్నవాళ్ళు. నెమ్మదిగా మాట్లాడమనండి, పాట పాడమని అడగమనండి, పాటలో అందరూ కలుస్తారు. మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అప్పటి కూలీల రిజిస్టర్లు, ఫొటోలు దాచిన చోటు. మారిషస్ వాళ్ళు తమ ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడో అక్కడే వెతుక్కుంటారు. మీ వంశంలోంచి ఎవరైనా వెళ్ళారని ఇంట్లో మాట ఉంటే పేరు, ఊరు, సుమారు ఏ కాలమో రాసుకుని ముందుగా వాళ్ళకి ఉత్తరం పెట్టండి, నేరుగా వెళ్ళి తలుపు తడితే పని కాదు.

పోర్ట్ లూయిస్‌కి వెళ్ళినరోజే పక్కపక్కనే అయిపోయేవి ఇంకా ఉన్నాయి. పాత మిలిటరీ ఆస్పత్రిలో 2023లో తెరిచిన బానిసత్వపు మ్యూజియం చూడండి, ఎందుకంటే మనవాళ్ళ కథ ఒక్కటే చూసి వచ్చేస్తే సగమే తెలుస్తుంది. మనకంటే ముందు గొలుసులతో వచ్చినవాళ్ళున్నారు. నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఎప్పుడో అంతరించిపోయిన డోడో పక్షి ఉంది, బాబుకి అది చాలు. బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి తపాలా బిళ్ళలు ఉంటాయి, వెలుగు తగిలితే పాడవుతాయని అసలువాటిని గంటలో కాసేపే లైటు వేసి చూపిస్తారు, వెళ్ళగానే టైము అడగండి. మధ్యాహ్నం సెంట్రల్ మార్కెట్‌కి.

మార్కెట్ అంటే తిండి, కాబట్టి అత్తగారి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. టెన్షన్ పడకండి. శాకాహారులు వీధిలో నిలబడి కడుపునిండా తినగలిగే దేశం అది. ధోల్ పూరి అని ఉంటుంది, ఉడికించిన పచ్చిశనగపప్పు పొడిలా చేసి మైదా పిండిలో కూరి పల్చగా వత్తి పెనం మీద కాలుస్తారు, పేరుకి పూరీ గానీ నూనెలో వేయించరు. రెండేసి చొప్పున అమ్ముతారు, మధ్యలో బొబ్బర్లకంటే పెద్దవైన తెల్ల చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా గుజ్జు కూర, చట్నీ వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. జనం పొద్దుటినుంచి లైన్లో నిలబడతారు, సాయంత్రానికి దొరకదు. హోటల్ బఫేలో పెట్టే ధోల్ పూరి తిని ఇంతేనా అనుకోకండి, బండి దగ్గరిదే తినాలి. గాతో పిమా అంటే మన పప్పువడ, పచ్చిమిర్చి, ఉల్లికాడలు వేసి చిన్నగా చేస్తారు. దాన్ని వెన్న రాసిన ఫ్రెంచి బ్రెడ్డులో పెట్టుకుని తినడం ఒక్క మారిషస్ వాళ్ళకే తోచింది, పొద్దున టిఫిన్‌కి అది తినండి. అలూదా అని చల్లటి పాలలో సబ్జా గింజలు, జెల్లీలాంటి అగర్ తీగలు వేసి ఇస్తారు, సెంట్రల్ మార్కెట్లో దానికోసం జనం మూగి ఉంటారు. ఎవరింట్లోనైనా పెళ్ళికో గుళ్ళో భోజనానికో పిలిస్తే కాదనకండి, అరిటాకులో ఏడు కూరల భోజనం పెడతారు.

జాగ్రత్త పడాల్సింది చైనా నూడుల్స్, ఫ్రైడ్ రైస్ దగ్గర, కూరగాయలవే అన్నా చేపల సాసో ఆయిస్టర్ సాసో పడుతుంది. ఈ ఒక్క వాక్యం అత్తగారికి నేర్పించండి: 'మో పా మాంజ్ లావియాన్, ప్వాసొన్, దిజెఫ్', అంటే నేను మాంసం, చేపలు, గుడ్లు తినను. హిందీ కూడా చాలామందికి అర్థమవుతుంది.

రెండో పెద్ద రోజు గంగా తలావ్‌కి ఇవ్వండి. కొండల మీద పాత అగ్నిపర్వతం నోట్లో ఏర్పడిన సరస్సు అది. 1972లో గంగాజలం తెచ్చి అందులో కలిపారు. శివరాత్రికి దీవి నలుమూలల నుంచి వెదురు కావళ్ళు అలంకరించుకుని రోజుల తరబడి నడిచి వస్తారు, దారిలో వాళ్ళకి నీళ్ళు, పళ్ళు ఇచ్చేవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. మీరు వెళ్ళేది అక్టోబరు కాబట్టి అంత జనం ఉండదు, ఒడ్డున శివుడి గుడి, సరస్సులోకి దిగే మెట్లు, 33 మీటర్ల శివుడి విగ్రహం ప్రశాంతంగా చూడొచ్చు. ఒడ్డు చుట్టూ చదునుగానే ఉంటుంది కాబట్టి అత్తగారు నడవగలరు. కింద తీరంలో ఎండ కాస్తున్నా పైన మబ్బు పట్టి చల్లగా వాన పడుతూ ఉంటుంది, స్వెట్టరు, గొడుగు పట్టుకెళ్ళండి. కోతులుంటాయి, అరటిపళ్ళు సంచిలో దాచుకోండి.

అదేరోజు కిందికి దిగుతూ షామరెల్ రంగుల మట్టి చూడొచ్చు, అందరూ చూస్తారు, బాగుంటుంది, అరగంట చాలు. నేనైతే ఆ మిగిలిన టైమంతా ల మోర్న్ దగ్గర గడపమంటాను. నైరుతి మూలన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన 556 మీటర్ల కొండ. తోటల నుంచి పారిపోయిన బానిసలు ఆ కొండ మీద, దాని గుహల్లో దాక్కుని బతికారు. బానిసత్వం పోయిందని చెప్పడానికి సిపాయిలు వస్తుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొండ మీంచి దూకేశారని అక్కడి జనం తరతరాలుగా చెప్పుకునే కథ. 2008లో యునెస్కో దీన్నీ వారసత్వ జాబితాలో చేర్చింది. మీవారికి కొండ ఎక్కాలని ఉంటే గైడుతో తెల్లవారకముందే బయల్దేరాలి, పై భాగం నిటారుగా రాళ్ళు పట్టుకుని పాకాల్సినట్టు ఉంటుంది, వాన పడితే వద్దు. అప్పుడు ఈ రోజుని రెండుగా విడగొట్టుకోవాలి. మిగతావాళ్ళకి కింద స్మారకం ఉంది, దాని ఎదురుగా బీచి ఉంది. మారిషస్‌లో బీచిలన్నీ ప్రజలవే, ముందు ఎంత పెద్ద రిసార్ట్ ఉన్నా ఇసుక మీద కూర్చునే హక్కు అందరికీ ఉంటుంది. ఆదివారం అయితే ఇంకా మంచిది, ఊరి కుటుంబాలు గిన్నెలతో సహా వచ్చి చెట్ల కింద రోజంతా గడుపుతాయి.

అక్కడే సెగా అనే మారిషస్ పాట, నాట్యం వినే, చూసే అవకాశం ఉంటుంది. రవాన్ అని మేక తోలుతో చేసిన పెద్ద పల్చటి వాయిద్యం, వాయించేముందు మంట దగ్గర పట్టి వేడి చేస్తారు. గింజలు నింపిన మరవాన్, ఒక ఇనుప ట్రయాంగిల్, అంతే, పక్కన గొంతు. బానిసలు పగలంతా పనిచేసి రాత్రిళ్ళు పాడుకున్నవి ఆ పాటలు, నాట్యంలో పాదాలు నేలని వదలవు, నేల మీదే జారుతూ కదులుతాయి. 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. హోటళ్ళలో వారానికొకసారి రంగురంగుల గౌన్లతో, కీబోర్డు పెట్టి వేసే షో కూడా సెగానే అంటారు గానీ, 'సెగా తిపిక్ ఎక్కడ వినొచ్చు' అని అడగండి. ఆ మాట వినగానే మీకు షో కాదు, పాట కావాలని వాళ్ళకి తెలుస్తుంది. పిల్లాడిని పక్కన కూర్చోబెడితే రవాన్ చేతికిచ్చి వాయించమనేవాళ్ళు కూడా ఉంటారు.

బాబు కోసం ఇంకొక రోజు ఆగ్నేయానికి వెళ్ళండి, సోమవారం అయితే మహేబూర్గ్ సంత కూడా కలిసొస్తుంది. దగ్గర్లోనే ఇల్ ఓ ఎగ్రెత్ అనే చిన్న పగడపు దీవి ఉంది, మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్ళు బోట్లో తీసుకెళ్ళి నడిపిస్తూ చూపిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. డోడో బతికున్న రోజుల్లో దీవంతా ఎలా ఉండేదో, ఆ నల్లచేవ చెట్ల అడవిని అక్కడ మళ్ళీ పెంచుతున్నారు. పెద్ద పెద్ద తాబేళ్ళు మన పక్కనుంచే నడుస్తాయి. 1990 ప్రాంతంలో పదికి పడిపోయిన గులాబీ పావురాలు అక్కడ కొమ్మల మీద కనిపిస్తాయి. పోర్ట్ లూయిస్‌లో చచ్చిపోయిన డోడోని చూసిన పిల్లాడు ఇక్కడ బతికించుకున్న పావురాన్ని చూడాలి, రెండూ చూపించకుండా తీసుకురావద్దు. నేల కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది, అత్తగారు, మామగారు ఆ టైములో బ్లూ బేలో అద్దం బోటు ఎక్కొచ్చు, రెండూ పక్కపక్కనే.

పాంప్లమూస్ తోట మీ హోటల్‌కి దగ్గరే, ఒక పూట చాలు. పళ్ళెమంత కాదు, పిల్లాడు పడుకునేంత ఆకులున్న తామరల చెరువు, జీవితంలో ఒక్కసారే పూసి చచ్చిపోయే తాళపత్రపు చెట్లు ఉన్నాయి. దోమల మందు రాసుకుని వెళ్ళండి. పక్కనే పాత చక్కెర ఫ్యాక్టరీని మ్యూజియం చేశారు, చెరకు కోసం మనుషుల్ని ఎలా మోసుకొచ్చారో మళ్ళీ అక్కడ కనిపిస్తుంది, చివర్లో రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు.

ఏజెంటు ఈ రోజులకి విడిగా ప్యాకేజీ ఇస్తానంటే తొందరపడకండి. అయిదుగురికి రోజంతా ఒక పెద్ద టాక్సీ మాట్లాడుకోవడం సులువు, ఎక్కడెక్కడికో చెప్పి, డబ్బు ఎక్కేముందే ఖాయం చేసుకోండి. అక్కడి రూపాయి మన రూపాయికి రెండింతలకి కాస్త తక్కువ, ధర వినగానే మన లెక్కలోకి మార్చుకుని ఆలోచించండి. పోర్ట్ లూయిస్‌కి మాత్రం బస్సులో వెళ్ళినా హాయిగా ఉంటుంది, సాయంత్రం పెందలాడే తిరిగి రావాలి, చీకటి పడితే బస్సులు తగ్గిపోతాయి, షాపులు మూసేస్తారు. అక్టోబరు మంచి నెల, వానలు తక్కువ, తుఫానుల కాలం ఇంకా మొదలవదు.

వీసా ముందుగా తీసుకోనక్కర్లేదు, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు చేతిలో ఉండాలి. అత్తగారి, మామగారి మందులకి డాక్టరు రాసిన చీటీలు తప్పకుండా పట్టుకెళ్ళండి, మందుల విషయంలో అక్కడ చాలా గట్టిగా ఉంటారు. ప్లాస్టిక్ సంచులు నిషేధం, గుడ్డ సంచి పెట్టుకోండి. కరివేపాకు, పళ్ళు, విత్తనాలు అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు. గుడికి కొబ్బరికాయ ఇక్కణ్ణించి సర్దుకోవద్దు, అక్కడే కొనండి. పాటల పుస్తకాలు మాత్రం నాలుగు పట్టుకెళ్ళండి, రామదాసు కీర్తనలున్నవైతే మంచిది, పెద్ద అక్షరాల్లో ఉండాలి. భజన చేసేవాళ్ళకి ఇస్తే పనికొస్తాయి.